థైరాయిడ్ మాత్ర ఆపేశాను.. బిడ్డ మెదడుకు ఇబ్బందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మూడేళ్లుగా థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను. ఇప్పుడు ఏడో వారం. కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు వేడి చేస్తాయని మా అత్తగారు అనడంతో పది రోజులుగా మానేశాను. బిడ్డ మెదడు సరిగా ఎదగదేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: రేపు పొద్దున్నే రక్తం ఇచ్చి, థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పరీక్షలు చేయించుకోండి. ఇంటికి రాగానే మాత్ర మళ్లీ మొదలుపెట్టి, రిపోర్టుతో మీ డాక్టర్‌ను కలవండి.

అత్తగారు భయపడుతున్న ఆ మాత్రలో ఉన్నది మీ గొంతు దగ్గరి గ్రంథి చాలినంత తయారు చేయలేకపోతున్న హార్మోనే. కడుపులో బిడ్డ దాన్ని సొంతంగా తయారు చేయడం మొదలయ్యేది దాదాపు 12వ వారంలో. సరిపడా చేసుకోవడానికి ఐదో నెల వస్తుంది. ఈలోగా మెదడు కణాలు పుట్టి, వాటి వాటి చోట్లకు చేరుకోవాలంటే ఆ హార్మోన్ మీ రక్తం నుంచే అందాలి. అందుకే గర్భం రాగానే చాలామందికి డోసు పావు వంతో, ఇంకాస్తో పెంచుతాం. ఎంతన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు పెంచుకోవద్దు. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలి. ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి పరీక్ష తప్పదు.

పది రోజులు మానినందుకు కుంగిపోకండి. ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. లోపం ఎక్కువగా ఉండి, నెలల తరబడి మందు వాడకపోతేనే బిడ్డ తెలివితేటల మీద దెబ్బ పడే ప్రమాదం ఎక్కువ.

నేను తరచూ చూసే పొరపాటు ఇంకొకటుంది. థైరాయిడ్ మాత్ర, ఐరన్, క్యాల్షియం.. అన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు. అలా వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున మంచినీళ్లతో అదొక్కటే వేసుకోండి. అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. ఆరోగ్యానికి మంచిదని సైంధవ లవణానికి మారి ఉంటే మళ్లీ అయోడిన్ ఉప్పుకే రండి.

ఫోలిక్ యాసిడ్ 12 వారాలు నిండేదాకా ఆపొద్దు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది కాబట్టి, అసలైతే గర్భం రావడానికి నెల ముందే మొదలెట్టాల్సింది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలిస్తే బయటికి పంపండి. కల్లు కూడా మద్యమే, ఒక్క గుక్క కూడా వద్దు.

ఈసారి డాక్టర్ దగ్గరికి అత్తగారినీ తీసుకెళ్లండి. కాన్పయ్యాక మూడో రోజున బిడ్డకూ టీఎస్‌హెచ్ పరీక్ష చేయించమని ఇద్దరూ గుర్తుపెట్టుకుని అడగండి.