కొత్త పిస్టల్ ట్రిగ్గర్ అలవాటు కావాలంటే

కొత్త కాంపాక్ట్‌ (చిన్న సైజు) పిస్టల్‌లో ట్రిగ్గర్ చాలా దూరం కదులుతోందని, తూటాలు గురికి ఎడమవైపు కిందికి పడుతున్నాయని రాశారు. మీది కుడిచేతి వాటమైతే, పేలే క్షణంలో చెయ్యి మొత్తం బిగుస్తోందని నా అనుమానం. స్ప్రింగులు మార్చే ఆలోచన ఇప్పుడే వద్దండీ.

ముందు డ్రై ఫైర్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చేయండి. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా ఉండే చోటు) ఖాళీయేనని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకోండి. మీరు సాధన చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. ఖాళీదైనా సరే, గుండు దాటని గోడవైపే గురిపెట్టండి. మొదటి వదులు కదలిక అయ్యాక వేలికి గట్టిగా తగులుతుంది చూడండి, అక్కడ ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా ఒత్తిడి పెంచండి. ఫ్రంట్ సైట్ (గొట్టం కొసన ఉండే గురి గుర్తు) మీద నాణెం పెట్టి, అది పడకుండా నొక్కగలిగితే దారిలో పడ్డట్టే. రోజూ పది నిమిషాలు చాలు. .22 రిమ్‌ఫైర్ (తూటా అంచు మీద దెబ్బతో పేలే రకం) పిస్టల్ అయితే మాత్రం ముందు మాన్యువల్ చూడండి, కొన్నిటికి డ్రై ఫైర్ పడదు.