పెయ్యదూడకు 40 రోజులే, పాలు మాన్పించొచ్చా?

అన్నా, మీ హెచ్‌ఎఫ్ క్రాస్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకరజాతి) పెయ్యకు 40 రోజులు నిండాయి, పాల కేంద్రానికి పోసే పాలు తగ్గుతున్నాయి, ఇప్పుడే మాన్పించొచ్చా అని అడిగారు. రోజుకు కిలో దాకా దాణా తింటుంటే మాన్పించండి. లేదంటే వద్దు. రోజులు లెక్కపెట్టుకుని నేనొకసారి దెబ్బతిన్నాను.

మా కొట్టంలో పుట్టిన మొదటి క్రాస్ పెయ్యకు 35వ రోజున ఒక్కసారిగా పాలు ఆపేశాను. అప్పటికే వరిగడ్డి కొరుకుతోంది, నెమరు కూడా వేస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నా. రోజుకు నాలుగు లీటర్లు మిగిలాయని సంతోషం. మూడు వారాలు తిరిగేసరికి బానపొట్ట, పైకి తేలిన వెన్నెముక, మెరుపు పోయిన బొచ్చు. కడుపులో నట్టలేమో (పురుగులు) అని మందు తాగించాను, ఏమీ మారలేదు.

పశువుల డాక్టరు వచ్చి పొట్ట తట్టి చూసి, నా నోటుపుస్తకంలోనే బొమ్మ గీసి చెప్పారు. పుట్టిన దూడకు పొట్టలో నాలుగు అరలున్నా పనిచేసేది నాలుగోదే. పాలు చప్పరించగానే అన్నవాహిక చివర ఒక మడత గొట్టంలా మూసుకుని, పాలను నేరుగా అక్కడికే పంపిస్తుంది. మొదటి అర, అంటే పెద్ద పొట్ట, అప్పటికి చిన్న సంచి, లోపలి గోడ ఇంకా ఎదగదు. గింజల దాణా అందులో పులిస్తే ఆమ్లాలు పుడతాయి. వాటి వల్ల, ముఖ్యంగా బ్యుటిరేట్ అనే దాని వల్ల, ఆ గోడకు టర్కీ టవల్ పోగుల్లాంటివి మొలుస్తాయి. ఆ ఆమ్లాలే దూడకు బలం, అవి రక్తంలో కలిసేది ఆ పోగుల గుండానే. గడ్డి సంచిని సాగదీస్తుంది, కండను గట్టిపరుస్తుంది, కానీ పోగులు ఎదగడానికి అదొక్కటే చాలదు. అందుకే మా పెయ్యకు పొట్ట నిండా గడ్డి ఉన్నా ఒంటికి మాత్రం పస్తే.

ఇంకో తప్పు నీళ్లది. పాలు తాగే దూడకు నీళ్లెందుకు, పారుకుంటుంది అనేవారు మా నాన్న. పాలు పెద్ద పొట్టలోకి పోవు కదా, మరి అక్కడ దాణా పులియడానికి తడి ఎక్కడిది? మొదటి వారం నుంచే శుభ్రమైన నీళ్లు పెట్టాలి.

రెండో పెయ్యకు వారం దాటగానే, పాలు తాగిన వెంటనే మూతికి చిటికెడు దాణా రాసేవాణ్ణి. నాకుతూ నాకుతూ అలవాటు పడింది. నెల దాటాక డబ్బాతో కొలిచి పెట్టి, మిగిలింది తూచేవాణ్ణి (ఇంట్లో అందరూ నవ్వారు). 60 రోజులు దాటాక వరసగా మూడు రోజులు కిలో తింది. అప్పుడు సాయంత్రం పాలు ఆపి, వారం తర్వాత పొద్దుటివీ ఆపాను. పాలు తగ్గించిన కొద్దీ దాణా అదే ఎక్కువ తింది.

దాణా ఇంట్లో కలిపిందే. వంద కిలోలకు మొక్కజొన్న నూక 50, వేరుశనగ చెక్క 30, గోధుమ పొట్టు 17, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. నూక మరీ పిండిగా పట్టించొద్దు. పెద్ద పశువుల దాణాలో యూరియా కలిసి ఉంటే దూడకు అస్సలు పెట్టకండి.

డబ్బు లెక్క కూడా చెప్తాను. మొదటి పెయ్యకు 60 రోజుల లెక్కన 25 రోజులు ముందే మాన్పించి 100 లీటర్లు మిగిల్చాను, పాల కేంద్రం రేటు అప్పట్లో లీటరుకు 35 రూపాయలు, అంటే మూడున్నర వేలు. రెండోది 16 నెలలకే ఎదకు వచ్చింది, మొదటిది రెండేళ్లు దాటినా రాలేదు. ఆ మేపు ఖర్చు నేను లెక్కేయలేదు, వేయబుద్ధి కాలేదు.

గేదె దూడలకు ఇదే లెక్క వాడొద్దు. దూడ లేనిదే చేపని (పాలు దింపని) గేదెలుంటాయి, దూడలు కూడా నిదానంగా ఎదుగుతాయి. నేనైతే మూడు నెలల దాకా ఆగుతాను.

మీ పెయ్య ఇప్పుడు రోజుకు ఎన్ని గ్రాములు తింటోందో రెండు రోజులు తూచి చెప్పండి. అరకిలో కూడా లేకపోతే ఈ నెలంతా పాలు కొనసాగించండి.