హెల్మెట్ కింద ఇయర్‌బడ్స్.. మూడు జతలు మార్చినా చెవి నొప్పే!

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాను. రోజుకు పది గంటలు ఫుల్ ఫేస్ హెల్మెట్ తల మీదే ఉంటుంది. మ్యాప్ వాయిస్ కోసం, కస్టమర్ల కాల్స్ కోసం ఇయర్‌బడ్స్ పెట్టుకుంటాను. అరగంటకే కుడి చెవి నొప్పి పుడుతోంది. మూడు రకాలు మార్చాను. వానలు మొదలయ్యాక లోపల దురద కూడా వస్తోంది. హెల్మెట్ కింద నొప్పి పెట్టని ఇయర్‌ఫోన్స్ ఏవో చెప్పగలరు.
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: నాలుగో జత కొనకండి. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చెవి చూపించుకోండి. చెవి ముందుండే చిన్న బుడిపెను వేలితో నొక్కి చూడండి, చెవి తమ్మెను మెల్లగా లాగి చూడండి. అప్పుడు నొప్పి పెరిగితే చెవి రంధ్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. వానాకాలంలో చెమట, తడి లోపలే ఉండిపోయి ఫంగస్ పట్టడం మేము రోజూ చూసేదే. దురద దాని మొదటి గుర్తు. ఇంట్లో పెద్దవాళ్లు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తామంటారు, వద్దు. అగ్గిపుల్లలు, పిన్నీసులు, కాటన్ బడ్స్ కూడా వద్దు. చెవి మానేదాకా అందులో ఏదీ పెట్టకండి.

ఇక ఒత్తిడి సంగతి. చెవి రంధ్రం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే. బయటి భాగం మెత్తగా ఉండి కాస్త సాగుతుంది. లోపలి భాగంలో ఎముక మీద పల్చటి చర్మం మాత్రమే ఉంటుంది. హెల్మెట్ తొడిగేటప్పుడు లోపలి స్పాంజి ఇయర్‌బడ్‌ను పక్కకు తిప్పి లోపలికి నెడుతుంది. కాడ ఉన్న రకమైతే ఆ కాడే చెవి డొప్పను నొక్కుతూ ఉంటుంది. ఒక్క కుడి చెవికే ఎందుకంటారా? రెండు రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు.

అందుకే నా ఓటు చెవిలో పెట్టేవాటికి కాదు. హెల్మెట్ లోపల చెవి దగ్గర గుంటలో అతికించే పల్చటి బ్లూటూత్ స్పీకర్లు దొరుకుతాయి. చర్మానికి తగలవు, బయటి హారన్ కూడా వినిపిస్తుంది. గుంట లేని హెల్మెట్‌లో ఇరికిస్తే మళ్లీ అదే నొప్పి. స్పీకర్ల కోసం స్పాంజి కోసేయడం మాత్రం ప్రమాదం. అది తలను కాపాడేది. ఇయర్‌బడ్సే వాడతానంటే కాడ లేనివి, చెవి డొప్ప దాటి బయటికి పొడుచుకు రానివి, చిన్న సిలికాన్ టిప్ ఉన్నవి చూడండి. హెల్మెట్ పెట్టుకుని తల అటూఇటూ తిప్పి చూశాకే కొనండి. అయితే ఇయర్‌ఫోన్స్‌తో నడిపేవాళ్లకు నగరంలో ట్రాఫిక్ పోలీసులు చలానాలు వేస్తున్నారన్నది మీకు తెలియంది కాదు. కాల్ వస్తే బండి పక్కకు ఆపే మాట్లాడండి.

మీరు అడగనిది ఒకటుంది, నాకు అదే ఎక్కువ టెన్షన్. వేగం పెరిగేకొద్దీ హెల్మెట్‌లో గాలి హోరు పెరుగుతుంది. హైవే మీద అది 90 డెసిబెల్స్ దాటుతుంది. అది వినపడకూడదని మనం వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే 4 గంటలే! మీ డ్యూటీ రోజుకే పది గంటలు. కాబట్టి పాటలు మానేసి, మ్యాప్ వాయిస్ ఒక్కటే తక్కువ సౌండ్‌లో పెట్టుకోండి.

హెల్మెట్ లోపలి గుడ్డ ఊడేదైతే వారానికోసారి ఉతికి ఎండలో ఆరేయండి. రూమ్మేట్లతో ఇయర్‌బడ్స్ పంచుకోకండి. చీము కారినా, వినికిడి తగ్గినా, రాత్రి పడుకున్నాక చెవిలో గుయ్ మని మోత వినిపించినా వారం ఆగొద్దు. షుగర్ ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.