బురుజుల ఊరిలో ఒక రాత్రి ఉండండి

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణం కాగితం చూశాను. ఇటలీలో ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ రోజులకు రోజులు కేటాయించి, బురుజుల ఊరు శాన్ జిమిన్యానో ఎదురుగా మాత్రం ‘ఒక పూట’ అని రాశావు. అది కొట్టేసి ‘ఒక రాత్రి’ అని రాయి. మిగతాదంతా మీ ఇష్టం, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. ఆ ఊరికి పొద్దెక్కాక టూరిస్టు బస్సులు వరసకట్టి వస్తాయి, సాయంత్రానికి వెళ్ళిపోతాయి. ఆ నడుమ దక్షిణ ద్వారం నుంచి పైకి వెళ్ళే వీధిలో ముందున్నవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించవు. గోడల లోపల బస చేసినవాళ్ళకు ఉదయం, సాయంత్రం ఊరు ఖాళీగా దొరుకుతుంది.

వెళ్ళడం తేలికే. ఫ్లోరెన్స్ నుంచైనా సియెనా నుంచైనా రైల్లో పొజ్జిబొన్సిలో దిగి బస్సెక్కాలి. ఆదివారం బస్సులు బాగా తక్కువ, ఆ రోజు పెట్టుకోవద్దు. అల్లుడుగారు కారు అద్దెకు తీసుకుందామంటే సరే, కానీ కోట గోడల బయటే ఆపమను. లోపలికి బయటి కార్లు రాకూడదు. కెమెరాలు నంబరు పట్టేస్తాయి, మీరు ఇంటికి వచ్చి అంతా మరిచిపోయాక జరిమానా కాగితం వస్తుంది. పెద్ద సూట్‌కేసులు కూడా వద్దు, ఆ రాతి బాటల ఎత్తు మీద చక్రాలు మొరాయిస్తాయి.

ఇక ఊరి సంగతి. అందరూ బురుజుల కోసం వెళతారు. ఒకప్పుడు 72 ఉండేవంటారు, ఇప్పుడు మిగిలినవి 14. రోముకు వెళ్ళే యాత్రికుల దారి ఈ కొండ మీదుగానే పోయేది. కుంకుమపువ్వు వ్యాపారంలోనూ వడ్డీల్లోనూ గడించిన కుటుంబాలు, నీకంటే నేనెక్కువ అని పోటీపడి కట్టుకున్నవే ఇవన్నీ. నగరపాలకుల బురుజును మించి ఎవరూ కట్టకూడదని చివరికి శాసనం చేయాల్సి వచ్చింది! తరవాత 1348లో ప్లేగు వచ్చి జనాన్ని ఊడ్చేసింది. కొన్నేళ్ళకే ఊరు ఫ్లోరెన్స్ చేతికి పోయింది. యాత్రికుల దారి కూడా కింది లోయకు మారింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఆ తరవాత ఎవరి దగ్గరా లేదు. మనం చూస్తున్నది ఆ పేదరికం కాపాడిన ఊరు. 1990లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

బావి ఉన్న చౌకు దగ్గర మొదలుపెట్టండి. పియాజ్జా దెల్లా చిస్తెర్నా అంటారు. అందరూ అక్కడ ఐస్‌క్రీము వరసలో నిలబడతారు. మీరు ముందు ఆ బావి ఒర దగ్గరికి వెళ్ళి రాతి అంచు మీద వేలు పెట్టి చూడండి. చేంతాళ్ళు ఒరుసుకుని పడిన గాళ్ళు తగులుతాయి. ఆ బావి 1273 నాటిది.

పక్క చౌకులోనే పెద్ద చర్చి. బయటి నుంచి చూస్తే బోసిగా ఉంటుంది, అది చూసి మొహం తిప్పుకోకండి. లోపల నేల నుంచి కప్పు దాకా గోడలన్నీ బొమ్మలే. ఎడమ గోడ మీద బైబిల్ పాత నిబంధన కథలు, బార్తొలో ది ఫ్రెది వేసినవి. ఎర్రసముద్రం ఘట్టం దగ్గర తప్పకుండా ఆగండి, తరుముకొచ్చిన ఈజిప్టు సైన్యమంతా కవచాలతో, గుర్రాలతో సహా నీళ్ళలో మునిగిపోతుంటుంది. కుడి వైపు చివర, ఈ ఊరివాళ్ళు సాధ్విగా కొలిచే ఫీనా అనే అమ్మాయి పేరున చిన్న గుడి ఉంది. 1253లో చిన్న వయసులోనే పోయింది, చెక్క పలక మీదే పడుకుని రోగం అనుభవించిందని చెబుతారు. ఆమె అంత్యక్రియల బొమ్మను గిర్లాందాయో వేశాడు. అందులో వెనకవైపు కనబడేవి ఈ ఊరి బురుజులే. లోపలికి టికెట్ ఉంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి.

నన్నడిగితే ఊరి మొత్తంలో మేలైన చోటు ఇది కాదు, ఉత్తరం చివర ఉన్న సాంత్ అగొస్తీనో చర్చి. బస్సుల్లో వచ్చేవాళ్ళు అంతదూరం నడవరు. బలిపీఠం వెనక గోడల మీద బెనొజ్జో గొజ్జోలీ 1464, 65 ప్రాంతంలో క్రైస్తవ సాధువు అగస్టీన్ జీవితమంతా 17 ఘట్టాలుగా వేశాడు. మొదటి ఘట్టం ఎడమ గోడ మీద కింది వరసలో ఉంటుంది. తల్లిదండ్రులు పిల్లవాణ్ణి బళ్ళో చేరుస్తుంటారు. కుడి పక్క చూడు, ఒక పిల్లవాణ్ణి ఇంకొకడి వీపు మీద ఎక్కించి, బట్ట పైకెత్తి, పంతులుగారు బెత్తంతో వాయిస్తుంటాడు. మహాత్ముడి కథ మొదలుపెడుతూ ఆ చిత్రకారుడికి గుర్తొచ్చింది అది! మధ్యాహ్నం చర్చి మూసేస్తారు, కాబట్టి ఉదయమే వెళ్ళండి.

తొర్రె గ్రోస్సా అనే బురుజు ఎక్కడం మధ్యాహ్నం తరవాత పెట్టుకోండి. 54 మీటర్లు, 218 మెట్లు. చివరి మెట్లు నిటారుగా ఉంటాయి, అల్లుడుగారి మోకాలు బాగుంటేనే ఎక్కమను. లేకపోతే కిందనే మ్యూజియం ఉంది, అందులో మహాకవి డాంటే పేరు పెట్టిన సభామందిరం చూడమను. 1300లో ఆయన ఫ్లోరెన్స్ రాయబారిగా ఈ ఊరికి వచ్చాడు. అదే భవనంలో ఒక చిన్న గది గోడ మీద ఆలుమగలు ఒకే తొట్టిలో స్నానం చేస్తున్న బొమ్మ ఉంది. ఏడువందల ఏళ్ళ నాటిది. పెద్దమ్మను కాబట్టి ఇంతకంటే చెప్పను.

హింసాయంత్రాల ప్రదర్శనలంటూ బోర్డులు పెట్టి పిలుస్తారు. డబ్బు దండగ. అంతకంటే సాయంత్రం పైనున్న పాత కోట రొక్కాకు వెళ్ళండి, టికెట్ లేదు. బురుజులు ఎక్కినవాళ్ళకు పొలాలు కనిపిస్తాయి గానీ, బురుజులన్నీ ఒక్కచోట చూడాలంటే ఇక్కడికే రావాలి.

చలికాలంలో అన్నింటి వేళలూ తగ్గిస్తారు. బయలుదేరే ముందు మరోసారి చూసుకోండి. గది ఖాయం కాగానే నాకు ఫోను చెయ్యి, ఆ వీధి ఎంత ఎత్తులో ఉందో చెబుతాను.

ఇట్లు,
పెద్దమ్మ