‘సరిగ్గా నవ్వు’ అంటే ముఖం బిగుసుకుపోతోంది

ప్రశ్న: నా వయసు 36. మావారికి ఫోటోలంటే ప్రాణం. రెస్టారెంటుకు వెళ్లిన ప్రతిసారీ బల్లకు అవతలి నుంచి ఒంగి, ఫోను నా ముఖం దగ్గరకు తెచ్చి పదీ ఇరవై ఫోటోలు తీస్తారు. ‘గడ్డం ఎత్తు, ఇటు తిరుగు, సరిగ్గా నవ్వు’ అంటుంటారు. పక్క బల్లల వాళ్లు చూస్తుంటే సిగ్గుతో ముడుచుకుపోతాను. అద్దంలో బాగానే కనిపించే నా ముఖం ఆ ఫోటోల్లో నాకే నచ్చదు. మొన్న పెళ్లిరోజున అక్కడే ఏడ్చేశాను. ‘జ్ఞాపకాలు దాచుకోవడం కూడా తప్పేనా?’ అని ఆయన నొచ్చుకున్నారు. వద్దని ఎలా చెప్పను?

జవాబు: పెళ్లిరోజున కన్నీళ్లు పెట్టుకున్నారంటే ఎన్నాళ్లుగా ఓర్చుకున్నారో అర్థమవుతోంది. ముందుగా ఒక మాట. మీకు ఇష్టం లేనప్పుడు ‘ఇవాళ వద్దు’ అనడానికి మీరు ఏ కారణమూ చూపనక్కర్లేదు.

అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, మీ బాధ ఫోటో వల్ల కాదు, పదిమందిలో మిమ్మల్ని దిద్దడం వల్ల అనిపించింది. ‘సరిగ్గా నవ్వు’ అనే మాట ఎంత ప్రేమగా అన్నా పనిచేయదు. పెదవుల కొసలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది కానీ, కంటి చుట్టూ ఉండే కండరాన్ని కదిలించేది నిజమైన సంతోషమేనని ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ 1862లోనే రాశారు. ఆ సంతోషం ఆజ్ఞాపిస్తే రాదు కదా!

ఇక అద్దం సంగతి. అద్దంలో మీరు రోజూ చూసుకునేది కుడి ఎడమలు తారుమారైన ముఖం. 1977లో అమెరికా పరిశోధకులు కొందరు మహిళల ఫోటోలను రెండు రకాలుగా, మామూలుగా ఒకటి, అద్దంలో కనిపించేలా ఒకటి, అచ్చువేసి చూపించారు. ఎక్కువమంది తమ అద్దపు రూపాన్నే ఇష్టపడ్డారు. వారి ఆప్తులకు మాత్రం మామూలు ఫోటోనే నచ్చింది. అంటే మీకు పరాయిగా అనిపించే ఆ ఫోటోలో ఉన్నది ఆయన రోజూ చూసే మీ ముఖమే. ‘బాగున్నావు’ అన్నప్పుడు ఆయన మిమ్మల్ని బుజ్జగించడం లేదు. ‘నాకు నచ్చలేదు’ అన్నప్పుడు మీరూ మొండితనం చేయడం లేదు. ఈ సంగతి మీరిద్దరూ కలిసి మాట్లాడుకుంటే సగం నొప్పి తగ్గుతుందని నా నమ్మకం.

మిగిలిన దాంట్లో కొంత దూరానిదీ వెలుగుదీ తప్పు. 30 సెంటీమీటర్ల దూరంలో తీసిన ఫోటోలో ముక్కు, ఒకటిన్నర మీటరు నుంచి తీసినప్పటి కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వైద్యులు లెక్కగట్టారు. తల మీద వేలాడే దీపమైతే కళ్ల కింద నీడలు వేస్తుంది. ఆయన్ను నాలుగడుగులు వెనక్కి జరగమనండి. మీరు కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచి పడేలా కూర్చోండి. చేతులకు పని లేకపోతే భుజాలు బిగుసుకుంటాయి కాబట్టి గ్లాసో, మెనూనో పట్టుకుని ఆయనతో కబుర్లు చెప్పండి. ఆ మాటల మధ్యలో తీయమనండి.

ఇవన్నీ రెస్టారెంటులో కాదు, ఇంట్లో, ఆయన చేతిలో ఫోను లేని వేళ చెప్పండి. ‘మీరు ఫోటో తీయడం నాకు ఇష్టమే. అందరి ముందూ సరిదిద్దుతుంటే బాధగా ఉంది’ అంటే చాలు. కూర్చున్న మొదటి ఐదు నిమిషాలే ఫోటోలు, వడ్డించాక ఫోను లోపల, మిమ్మల్ని అడగకుండా ఎవరికీ పంపకూడదు. ఈ మూడూ ముందే ఒప్పుకోండి.

ఒకవేళ రెస్టారెంటులోనే కాదు, ఎక్కడైనా మీ ముఖం గురించే గంటల తరబడి కుమిలిపోతుంటే, మనుషుల్ని తప్పించుకుంటుంటే, ఆలస్యం చేయకుండా మానసిక నిపుణులను కలవండి. ఉత్తరంలో అలాంటి సూచన నాకు కనిపించలేదు.

ఈసారి వెళ్లినప్పుడు ఫోను ముందు మీరు తీసుకోండి. ఆయన్ను ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏమీ దిద్దకుండా రెండు ఫోటోలు తీసి, ఆయనకు ఎలా అనిపించిందో అడగండి.