ఫ్లూ మహమ్మారి వస్తే బడిలోని ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ముందే ఏం చేసి పెట్టుకోవాలి?

చిత్తూరు దగ్గర హైస్కూలుకు హెచ్‌ఎంగా ఉన్నానని, బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలు కొందరున్నారని, మళ్ళీ ఏదైనా పెద్ద ఫ్లూ వస్తే అందరికీ వేసుకున్న ప్లాన్ వాళ్ళకూ సరిపోతుందా అని అడిగారు. సరిపోదు సార్. నేను తిరుపతి పక్క మండలంలో భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) రిసోర్స్ టీచర్‌ని. 2020 మార్చిలో బడులు మూసినప్పుడు, మళ్ళీ 2021లో మూసినప్పుడు ఈ పిల్లల ఇళ్ళ చుట్టూ తిరిగాను. అక్కడ చూసినదాన్నిబట్టి చెబుతున్నా.

ముందు ఒక సంగతి. కోవిడ్ పిల్లల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు కాబట్టి ఏ మహమ్మారి వచ్చినా పిల్లలకేం కాదులే అనే ధీమా చాలామంది టీచర్లలో కనిపిస్తోంది. ఫ్లూ పిల్లల్ని వదిలిపెట్టే జబ్బు కాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో తొలి మరణం పుణెలో ఒక బడిపిల్లదే. ఆ ఏడాది ఆగస్టు మొదటివారం దాకా అమెరికాలో చనిపోయిన 36 మంది పిల్లల వివరాలు అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు పరిశీలించారు. 24 మందికి ముందునుంచే ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉంది. ఆ 24లో 22 మందికి ఉన్నవి సెరిబ్రల్ పాల్సీ, ఫిట్స్, ఎదుగుదల లోపం లాంటి నరాలకు సంబంధించిన సమస్యలే. అంటే మన భవిత రిజిస్టర్లో ఉండే పిల్లలు. ఛాతీ కండరాల్లో బలం లేక గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేరు, మింగడం సరిగా రాక తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆయాసంగా ఉందని నోటితో చెప్పలేరు.

అందుకే ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క పేజీ రాసి పెట్టుకోండి. నా దృష్టిలో మిగతా ఏర్పాట్లన్నీ దీని తర్వాతే. ఫిట్స్ మందు పేరు, ఎన్ని ఎంఎల్, ఏ వేళకి, ఏ షాపులో దొరుకుతుంది, పిల్ల బరువెంత, నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది (ఒకమ్మాయి చెవి పట్టుకుని లాక్కుంటుంది, ఒక బాబు ఉలుకూపలుకూ లేకుండా పడుకుంటాడు), అన్నం ఎంత మెత్తగా కలపాలి, కూర్చోబెట్టి తినిపించాలా ఒళ్ళో పెట్టుకునా, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ నంబరు, రాత్రిపూట ఆయాసం వస్తే పీహెచ్‌సీకా నేరుగా తిరుపతి రుయా ఆస్పత్రికా. ఇవన్నీ వాళ్ళమ్మకు కంఠతా వచ్చు. మరి ఆ అమ్మే జ్వరంతో పడిపోతే? కోవిడప్పుడు ఒకింట్లో అదే జరిగింది. అమ్మను ఆస్పత్రిలో ఉంచారు, బాబు దగ్గర అవ్వ మిగిలింది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. ఆ తల్లి మాత్రం వెళ్ళేముందు సిరప్ కొలత మూత మీద గోళ్ళరంగుతో గీత గీసి పెట్టింది. ఆ గీతను చూసే అవ్వ పొద్దున, రాత్రి తప్పకుండా మందు పోసింది, బాబుకు ఫిట్స్ రాలేదు. అప్పటినుంచి నేను ఏ ఇంటికి పోయినా మూత మీద గీత గీయించి వస్తాను. ఫిట్స్ ఉన్న పిల్లలకు నెల రోజుల మందు అదనంగా ఇంట్లో ఉండేలా డాక్టరు చేత రాయించుకోమనండి. జ్వరం పెరిగితేనే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ, అలాంటప్పుడు మందు కూడా లేకపోతే మరీ కష్టం.

ఇక మాస్కు. "పెడితే పెరికి పారేస్తాడు మేడం" అని ప్రతి తల్లీ చెబుతుంది. తనంతట తాను తీసుకోలేని పిల్లకి, ఊపిరి ఇబ్బంది ఉన్న పిల్లకి మాస్కు పెట్టనేకూడదు. చొంగ కారే పిల్లకి అది తడిసిపోయి ఊపిరాడదు. వీళ్ళ చుట్టూ ఉండే పెద్దవాళ్ళు పెట్టుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకు రోగం రాకముందే అలవాటు చేయాలి. ముందు చేతికిచ్చి ఆడుకోనివ్వడం, తర్వాత బొమ్మకు పెట్టించడం, తర్వాత ఇష్టమైన పాట అయ్యేంతసేపు తన ముఖానికి. ఇది వారాల పని, అవసరం పడిన రోజు మొదలుపెడితే అయ్యేది కాదు. చెవులు వినపడని పిల్లలు టీచరు పెదవులు చూసే పాఠం అర్థం చేసుకుంటారు కాబట్టి వాళ్ళ క్లాసులో నోరు కనిపించే ప్లాస్టిక్ మాస్కు కావాలి. అది దొరక్కపోతే దూరంగా నిలబడి, బోర్డు మీద రాస్తూ, సైగలతో చెప్పాలి.

దూరం పాటించండి అని పోస్టర్ అంటిస్తాం. వీల్‌చైర్ నుంచి ఎత్తి దించే ఆయమ్మ ఎలా పాటిస్తుంది? తినిపించాలి, బాత్రూముకు తీసుకుపోవాలి, ముక్కు తుడవాలి. అక్కడ చేయగలిగింది ఏమిటంటే ఒక పిల్లకి ఒకే మనిషి, ఆ మనిషి రాకపోతే ఎవరన్నది ముందే ఖాయం, పనికి ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవడం. కుళాయి కూర్చున్న పిల్లకి అందే ఎత్తులో ఉందో లేదో ఒకసారి మీరే చూడండి. వీల్‌చైర్ చక్రాలు, వాకర్ పిడులు రోజూ తుడవాలి, చేతులు ఎక్కువగా పడేది వాటి మీదే. చెవి మిషన్లను మాత్రం శానిటైజర్‌తో తడపొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఒంట్లో బాగాలేని మనిషి బడికి రాకూడదు, టీచరైనా ఆయమ్మైనా. పారాసిటమాల్ వేసుకోకుండా జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే రావాలి. సెలవు జీతం కోసి ఆయమ్మను ఇంట్లో ఉండమంటే ఉండదు, ఈ మాట బడి కమిటీలో ముందే తేల్చుకోండి. పిల్లలకు జ్వరమని ఆస్ప్రిన్ ఇవ్వొద్దని అందరికీ చెప్పండి. ఫ్లూ మందు జబ్బు మొదలైన రెండు రోజుల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఈ పిల్లలకు జ్వరమొస్తే రేపు చూద్దాంలే అనుకోకుండా అదేరోజు డాక్టరుకు చూపించాలి. ఏటా వేసే ఫ్లూ టీకా మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, ప్రైవేటులో దొరుకుతుంది. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. వేయించుకోగలిగినవాళ్ళు పిల్లకీ, ఇంట్లో పెద్దవాళ్ళకీ వేయించుకుంటే మంచిది. కొత్త రకం ఫ్లూకి టీకా తయారై మన దాకా రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలలు పైన చెప్పిన జాగ్రత్తలతోనే గడవాలి.

మన ఊళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. తిరుమల కొండకు రోజూ వేలమంది అన్ని రాష్ట్రాల నుంచి వస్తుంటారు. వానల తర్వాత ఫ్లూ పెరిగే రోజుల్లోనే బ్రహ్మోత్సవాలు. ఎక్కడో మొదలైన జబ్బు మన బస్టాండుకు చేరడానికి ఎన్నాళ్ళో పట్టదు.

బడి మూసినప్పుడు పాఠాలు ఎలా అన్నదాని మీదే అందరి టెన్షన్ ఉంటుంది. 2020లో సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చాయి, మామూలు పిల్లలకు అవి ఉపయోగపడ్డాయి. మా పిల్లలకు ఆగిపోయింది ఫిజియో. నడక అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఒక సీపీ (సెరిబ్రల్ పాల్సీ) బాబు బడులు తెరిచేసరికి మడమ నేలకు ఆనించలేకపోయాడు. పిక్క కండరం బిగుసుకుపోయింది. కాళ్ళు పెరిగి స్ప్లింటు (కాలు వంకర పోకుండా కట్టే పట్టీ) ఇరుకైంది, ఎక్కించబోతే ఏడుపు. మళ్ళీ దారికి తేవడానికి చాలాకాలం పట్టింది. కాబట్టి ప్రతి తల్లికీ రెండు మూడు వ్యాయామాలు చేతులు పట్టించి నేర్పించి, ఆమే చేస్తుండగా ఆమె ఫోన్లోనే వీడియో తీసి ఉంచండి. వేరేవాళ్ళ వీడియో పంపితే చూసి ఊరుకుంటారు.

తిండి కూడా చూడండి. అప్పట్లో బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికే పంపారు, అది చాలా ఆదుకుంది. కానీ నమలలేని పిల్లకి పల్లీ చిక్కీ గొంతుకు అడ్డం పడుతుంది. మేం దాన్ని రోట్లో పొడికొట్టి రాగిజావలో కలపమని చెప్పి వచ్చేవాళ్ళం. ఎవరికి ఏది ఎలా ఇవ్వాలో ఆ పేజీలోనే రాసేస్తే పంచేవాళ్ళకు తెలుస్తుంది. బడి ఎందుకు లేదో అర్థంకాక బ్యాగు తగిలించుకుని ఆటో వచ్చే చోట నిలబడే పిల్లలుంటారు. వాళ్ళకు ఇంట్లో గోడ మీద బొమ్మల టైంటేబుల్ వేసివ్వండి. బడి బొమ్మ మీద అడ్డగీత, పక్కన ఇల్లు, జావ, ఆట, నిద్ర.

తెరిచాక కూడా వీళ్ళలో కొందరు డాక్టరు చెప్పేదాకా రాలేరు. హాజరు లేదని పేరు కొట్టేయొద్దు, ఇంటి దగ్గరి పాఠం కొనసాగించండి. విపత్తుల్లో దివ్యాంగులకు మిగతావాళ్ళతో సమానంగా రక్షణ ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. మండల మీటింగులో నిధులడిగేటప్పుడు ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి.

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఈ తల్లుల్ని, మీ ఊరి ఏఎన్‌ఎంని, రిసోర్స్ టీచర్‌ని ఒకపూట కూర్చోబెట్టుకుంటే పేజీలన్నీ ఆ పూటే అయిపోతాయి. నేను వాడే పేజీ నమూనా కావాలంటే కింద అడగండి, టైపు చేసి పెడతాను.