కాలిఫోర్నియాలో భర్తకి మనమే ఐహెచ్ఎస్ఎస్ ప్రొవైడర్‌గా ఉంటే ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ ఎలా?
మీ ఆయనకి ఐహెచ్ఎస్ఎస్ (ఇంట్లోనే మనిషిని చూసుకునేవాళ్లకి ప్రభుత్వం జీతమిచ్చే కాలిఫోర్నియా పథకం) వచ్చింది, ఉద్యోగం మానేసి మీరే ప్రొవైడర్‌గా, అంటే ఆ చూసుకునే మనిషిగా చేరదామనుకుంటున్నారు, ఆ జీతం మీద ట్యాక్స్ ఎంత పోతుంది, సోషల్ సెక్యూరిటీ (ఇక్కడి ప్రభుత్వ పెన్షన్) పడుతుందా అని కదండీ అడిగారు. మా వారికి స్ట్రోక్ వచ్చాక నేను చేస్తున్నదీ ఇదే. ట్యాక్స్ గురించి కంగారు పడక్కర్లేదు, రెండోదే అసలు విషయం, రిజైన్ చేసేముందు అది చూసుకోండి.

ఒకే ఇంట్లో ఉంటూ చూసుకుంటే ఐఆర్‌ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) నోటీస్ 2014-7 ప్రకారం ఆ జీతం మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, స్టేట్ కూడా అదే ఫాలో అవుతుంది. ఒకే ఇంట్లో ఉంటున్నామని చెప్పే ఎస్‌ఓసీ 2298 అనే ఫామ్ సంతకం పెట్టి పంపాలి. అది ప్రాసెస్ అయ్యేలోపు వచ్చిన డబ్బు మాత్రం డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క చూపే కాగితం)లో ట్యాక్స్ పడే జీతం వేసే బాక్స్ 1లో పడిపోతుంది, అప్పుడు రిటర్న్‌లో జీతంగా చూపించి, దానికి జతచేసే షెడ్యూల్ 1లో లైన్ 8ఎస్ దగ్గర తీసెయ్యాలి. మా ట్యాక్స్ ఆయనకి ఈ లైన్ సంగతే తెలీదు, నోటీస్ ప్రింట్ తీసి ముందు పెడితే గానీ ఒప్పుకోలేదు, కాబట్టి మీరూ ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. ఇంకోటి, ట్యాక్స్ లేదు కదా అని పిల్లల ట్యాక్స్ క్రెడిట్ పోతుందేమో అనుకోవద్దు, 2019లో ఫేగ్ కేసులో ట్యాక్స్ కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఈ డబ్బుని ఎర్న్‌డ్ ఇన్‌కమ్ (పనిచేసి సంపాదించిన ఆదాయం) కింద లెక్కేసుకోవచ్చు, కాకపోతే వేసుకుంటే మొత్తం వెయ్యాలి, కొంత వేసి కొంత వదిలేస్తే కుదరదు.

ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ. భార్య భర్త దగ్గర గానీ భర్త భార్య దగ్గర గానీ ఇలా ఇంట్లో పనిచేస్తే ఫైకా (జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కి పట్టుకునే ట్యాక్స్) కట్ చెయ్యరు. అదే మీ అత్తగారిని చూసుకుంటే కట్ అవుతుంది, సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లూ (పెన్షన్ అర్హతకి లెక్కేసే పాయింట్లు) పడతాయి, భర్తకి చేస్తే పడవు. చేతికి 7.65 శాతం ఎక్కువ వస్తుంది నిజమే, కానీ మీ సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఆ సంవత్సరం సున్నా. నిరుద్యోగ భృతి కూడా రాదు, రేపు మీ ఆయన్ని నర్సింగ్ హోమ్‌లో చేర్చాల్సి వచ్చి గంటలు ఆగిపోతే అన్‌ఎంప్లాయ్‌మెంట్ అప్లై చెయ్యడానికి ఉండదు.

సొంత రిటైర్‌మెంట్‌కి 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. మనలో చాలామంది ముప్పై దాటాక ఇక్కడికొచ్చి, హెచ్4 (భర్త వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద కొన్నేళ్లు ఖాళీగా ఉండి ఆ తర్వాత ఉద్యోగం మొదలెట్టినవాళ్లమే, 40 నిండటం అంత తేలిక కాదు, పైగా ఇండియాకి అమెరికాకి సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కాబట్టి హైదరాబాద్‌లో పీఎఫ్ కట్టిన ఏళ్లు ఇక్కడ కలవవు. మీ ఆయనకి 40 ఉంటే ఆయన రికార్డు మీద స్పౌస్ బెనిఫిట్ సగం దాకా, 65కి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తాయి, అది కొంత ధైర్యం. కానీ డిసెబిలిటీ (మనమే పనిచెయ్యలేని స్థితికి వస్తే సోషల్ సెక్యూరిటీ ఇచ్చే డబ్బు) అలా కాదు. 31 ఏళ్లు దాటినవాళ్లకి మామూలుగా చివరి పదేళ్లలో 20 క్రెడిట్లు ఉండాలి, అంటే ఐదారేళ్లు కేవలం భర్త సేవలోనే ఉండిపోతే మీకు డిసెబిలిటీ కవరేజ్ పోయినట్టే. రోజూ మనిషిని లేపి కూర్చోబెట్టి స్నానం చేయించేవాళ్లకి నడుం పోవడం ఎంతసేపు చెప్పండి, సరిగ్గా మనకే ఆ కవరేజ్ లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

అందుకే నేను ఇంటి నుంచే కొంచెం బుక్‌కీపింగ్ పని పెట్టుకుని సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత పని చేసుకునేవాళ్లు ఫైకా బదులు కట్టేది) కడుతున్నాను, దానికి క్రెడిట్లు పడతాయి. 2025 లెక్కలో ఒక క్రెడిట్‌కి 1,810 డాలర్లు, అంటే ఏడాదికి 7,240 నికరంగా వస్తే నాలుగూ పడతాయి. ఉద్యోగం పూర్తిగా మానేసే బదులు పార్ట్‌టైమ్‌కి మారడం కుదురుతుందేమో అడగండి, నా ఓటు దానికే.

గంటల సంగతి కూడా, ఎందుకంటే ఎన్ని గంటలకి జీతమిస్తారో చెప్పే ఐహెచ్ఎస్ఎస్ నోటీస్ చూశాక చాలామంది ఉలిక్కిపడతారు. ఆరోగ్యంగా ఉన్న భార్య ఇంట్లో ఉంటే వంటకి, ఇల్లు శుభ్రానికి, బట్టలకి గంటలు ఇవ్వరు. స్నానం, బాత్రూమ్, తినిపించడం లాంటివి, డాక్టర్ రాసిన పారామెడికల్ పనులు (ఇంజెక్షన్ లాంటివి), వీటికే ఇస్తారు. ప్రొటెక్టివ్ సూపర్‌విజన్ (మతిమరుపు లాంటివి ఉన్న మనిషికి ప్రమాదం జరక్కుండా కనిపెట్టుకుని ఉండటం) గంటలు కావాలంటే దీనికోసం మీరు ఫుల్‌టైమ్ ఉద్యోగం మానేశారని, లేదా చూసుకోడానికి వేరే సరైన మనిషి దొరక్క ఫుల్‌టైమ్ చెయ్యలేకపోతున్నారని చూపించాలి. కాబట్టి జీతం ఎంతొస్తుందో ఆ కాగితం చేతికొచ్చాకే లెక్కేసుకోండి.

ఐహెచ్ఎస్ఎస్ లేకుండా సొంత డబ్బే భార్యకి జీతంగా ఇచ్చి మెడికల్ ఖర్చు కింద చూపించొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. ఆవిడకి నర్స్ లాంటి లైసెన్స్ ఉంటే తప్ప ఆ ఖర్చు ఒప్పుకోరండీ.

ssa.gov లో అకౌంట్ తెరిచి మీకెన్ని క్రెడిట్లు ఉన్నాయో, మీ ఆయనకెన్ని ఉన్నాయో చూసి ఇక్కడ పెట్టండి, ఇంకా ఎన్నేళ్లు కావాలో కలిసి చూద్దాం.